నెలలు వరసగా చెప్పించిన మా వదిన

మా వదిన పోయింది. మాఘ బహుళ షష్ఠి నాటి పొద్దున్న నేను కొట్టంలో ఎడ్లకి మేత వేస్తూ ఉంటే మా అబ్బాయి వచ్చి, "నానా, పెద్దమ్మ ఎలిపోనాది" అన్నాడు. చేతిలో ఉన్న మోపు విప్పి, రెండు ఎడ్లకీ సమంగా పంచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. ఆమె పక్కకి ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. రోజూ ఎలా పడుకునేదో అలాగే ఉంది.

పన్నెండో రోజు కూడా అయిపోయింది. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఉగాదికి ఇంక నెల్లాళ్లు కూడా లేదు. ఏడుస్తూ రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. డెబ్బై దాటి, తన పళ్లెం తాను కడుక్కునే ఓపిక ఉన్నంత కాలం కడుక్కుని, మూడు వారాలు మాత్రమే మంచం పట్టి పోయిన మనిషి ఆమె. నేను నాలుగో తరగతి దాటినవాణ్ణి కాను. పొలం పని, బెల్లం పని తప్ప మరొకటి తెలియదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, సంతోషం పట్టలేక రాస్తున్నాను. చావు జరిగిన ఇంట్లో సంతోషమేమిటని మీరు అనవచ్చు. ఆ సంతోషం ఆమె పెట్టిందే కాబట్టి ఆమె పేర చెప్పుకోవడమే న్యాయం.

మాది అనకాపల్లి ఊరి చివర, కశింకోట వెళ్లే దారి పక్కన. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి నాకు ఎనిమిదేళ్లు, ఆమెకు పధ్నాలుగు. మా అన్నయ్య పక్కన కూర్చోడానికి సిగ్గుపడి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గచ్చకాయలాడింది. ఆ ఆటలో నన్ను ఒక్కసారి కూడా గెలవనివ్వలేదు. "సిన్నోడివని ఒగ్గేత్తే నువ్వు పెద్దోడివెప్పుడవుతావు?" అనేది. తరవాత అన్నయ్య పోయాడు, మా అమ్మ పోయింది, నా పెళ్లి జరిగింది, నాకు కొడుకు పుట్టాడు, పదేళ్ల కిందట నా భార్య కూడా పోయింది. ఈ అన్నిటిలోనూ వంటింటి తలుపు తెరిచిన చెయ్యి ఆమెదే.

ఆమె ముక్కు సంగతి ముందు చెప్పాలి. పెరటి గుమ్మంలో నిలబడి, గానుగ పాక వైపునుంచి వచ్చే పొగ వాసన చూసి పెనంలో ఏం జరుగుతోందో చెప్పేది. "ఇప్పుడే సున్నం ఏసేరు." "మడ్డి తియ్యడం ఆలస్యం సేత్తన్నారు." "పాకం ముదురుతోంది, బేగి దించమను." మేము పరుగెత్తి వెళ్లి చూస్తే అక్కడ అదే జరుగుతూ ఉండేది. పెనం ముఖం ఎన్నడూ దగ్గరగా చూడని మనిషి. మా అబ్బాయికి పాకం చెయ్యి వచ్చింది ఆమె ముక్కు నుంచే అని ఊళ్లో అనేవారు. వాడికి మీసం రాకముందే చుట్టుపక్కల రైతులు పెనం దించడానికి వాణ్ణి పిలిచేవారు. బెల్లం పని తెలియని వాళ్లకి ఒక మాట: చెరుకు రసం పెనంలో కాగి కాగి పాకమయ్యాక, ఏ క్షణంలో దించాలో తెలిసినవాడే పనివాడు. క్షణం ముందు దించితే దిమ్మ కట్టదు, క్షణం ఆగితే మాడిపోతుంది. ఆ క్షణం మా వాడికి తెలుసు.

ఇక ఉగాది సంగతి. మా అనకాపల్లిలో కొత్త అమావాస్య తీర్థం అయిన మర్నాడే ఉగాది. ముందురోజు అమ్మవారి తీర్థంలో తిరిగి తిరిగి కాళ్లు పీకుతూ ఉండగా, పొద్దున్నే తలంటు పోసుకుని ఊరంతా పంచాంగం వినడానికి వెళుతుంది. వానలు ఎన్ని పాళ్లు, ఎండలు ఎన్ని పాళ్లు, ఏ రాశివారికి ఎలా ఉంటుంది అని. మా వదిన మాత్రం కదిలేది కాదు. "రాబోయేది పంతులుగోరు సెప్తారు. పోయినేడు సంగతి ఎవరు సెప్తారు? మనవే సెప్పుకోవాల" అనేది.

వీధి అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చునేది. పక్కన వేపపువ్వు పచ్చడి ఉన్న రాతి చట్టి, దాని మీద మూత, చేతిలో గరిటె. ఇంట్లోవాళ్లం ఒక్కొక్కళ్లం ఎదర కూర్చుని పోయిన ఏడాదిని చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెల నెలా చెప్పాలి. ఏ నెలా దాటెయ్యకూడదు. ముందు నెల వెనక, వెనక నెల ముందు చెప్పకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకు అన్న మాట ఎత్తకూడదు. ఏం జరిగిందో చెప్పాలి గాని ఎందుకు జరిగిందో చెప్పకూడదు. ఎవరైనా "ఎందుకంటే" అని మొదలుపెట్టారా, గరిటెతో మూత మీద టక్కుమని కొట్టేది. చెప్పడం పూర్తయితేనే చేతిలో పచ్చడి పడేది.

"ఎందుకు అన్న కాడే మనిసి తన్ని తాను ఎనకేసుకొత్తాడు. అయింది అయినట్టు సెప్తే అబద్దానికి సోటుండదు" అని ఆమె మాట.

ఎవరు ఏం చెప్పినా మంచి చెడూ అనేది కాదు. "తరవాత?" అనేది, అంతే. అందరిదీ అయ్యాక తనదీ చెప్పి, "ఈ ఏడాదికి మూతెట్టేసేను" అని లేచిపోయేది. ఆ తరవాత ఎవరైనా పాత సంగతి తవ్వితే కసురుకునేది. "ఒక్క పూట ఎనక్కి సూడమన్నాను గాని, ఏడాదంతా మెడ తిప్పుకుని నడవమన్లేదు."

ఈ అలవాటు ఎలా వచ్చిందో ఒక్కసారే చెప్పింది నాతో. మా అన్నయ్య భాద్రపదంలో జ్వరం తగిలి మూడో రోజుకి పోయాడు. ఆ తరవాత ఉగాది వచ్చేసరికి ఆమెకి ఆ ఏడాది మొత్తంలో ఆ మూడు రోజులే గుర్తున్నాయట. మిగతాదంతా ఊడ్చేసినట్టు పోయింది. తన ఏడాది తనకి లేకుండా పోయిందని భయం వేసి, గోడకి ఆనుకుని కూర్చుని, చైత్రంలో ఏమైంది, వైశాఖంలో ఏమైంది అని తనలో తాను అడుక్కుందట. సాయంత్రానికి ఒక్కొక్కటే వచ్చాయట. వైశాఖంలో అన్నయ్య తన కోసం తాటిముంజెలు కొట్టించాడు. ఆషాఢంలో గట్టు మీద ఇద్దరూ జారిపడి, లేవడం మానేసి నవ్వుకున్నారు.

"సావు మూడ్రోజులే మరిదీ. అది తక్కిన నెలలన్నిటినీ మింగేసి కూకుంది. నాను కక్కించేను" అంది. అలా అన్నప్పుడు కూడా చింతపండులో గింజలు తీస్తూనే ఉంది.

కనుక ఇందులో తప్పులు పట్టడమే ఉందనుకోకండి. మా అబ్బాయికి పెళ్లయిన మొదటి ఉగాదికి మునగపాక పిల్ల, మా కోడలు, తల దించుకుని ఎదర కూర్చుంది. చైత్రం, వైశాఖం గొణిగినట్టు చెప్పింది. జ్యేష్ఠం దగ్గర ఆగి, "జ్యేష్టంలో మావగోరు సంత నించి వత్తా నా సేతిలో మావిడిపండు ఎట్టేరు. ఇంట్లో అందరికీ కాదు, నాకే" అంది.

అందరూ నావైపు తిరిగారు. ఏటా పచ్చడి కోసం వచ్చి కూర్చునే మా ఎదురింటి బావ, "ఎప్పుడేటి బావా, మాకు తెలీకుండా?" అన్నాడు. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. పండు మరీ మగ్గిపోయి పంచెకి మరకవుతుందని ఇచ్చి ఉంటానని నా అనుమానం. ఆ మాట చెప్పబోయి నోరు తెరిచానో లేదో, మూత మీద టక్కుమంది.

"ఎందుకు అన్నది నీకూ వద్దు" అంది వదిన.

ఆ పిల్ల కళ్లలో ఆ పండు ఏడాదిగా నిలిచి ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి సంతకి వెళితే ఒక పండు మంచిది ఏరి తేవడం మొదలుపెట్టాను. చూశారా, ఇది కూడా ఆ అరుగు మీద దొరికిందే.

పోయే ముందు కూడా ఆమె తన ఏడాది చెప్పే పోయింది. మాఘం మొదట్లో మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం మమ్మల్ని పిలిచి, "ఉగాది దాకా ఆగుతానో నేదో, నా వంతు ముందే సెప్పేత్తాను" అంది. మా మనవరాలు మంచం కోడు పట్టుకుని నిలబడి ఆమె చేతి గాజులు లాగుతోంది. ఆమె చైత్రం నుంచి అందుకుంది. ఎండబెట్టిన వడియాలు కాకి ఎత్తుకుపోవడం, కిరసనాయిలు రాక రెండు వారాలు ఆముదం దీపం పెట్టుకోవడం, పిల్లకి మొదటి పన్ను రావడం. పుష్యం దాకా చెప్పి, "మాగం అవుతోంది" అని కళ్లు మూసుకుంది. ఆమె ఏడాదిలో మిగిలింది ఈ ఉగాదికి మా అబ్బాయి చెప్పాలో నేను చెప్పాలో ఇంకా అనుకోలేదు.

ఇంతవరకూ వచ్చాక నా తప్పు చెప్పకుండా ముగిస్తే ఆమె దగ్గర కూర్చున్నవాణ్ణి కాను. రెండేళ్ల కిందటి మాట, తారణ సంవత్సరం మాఘం. అప్పటికి మనవరాలు లేదు. మా చెరుకు ఆ ఏడు నిటారుగా, గడలు పడిపోకుండా ఆకుతో జడ చుట్టింది చుట్టినట్టు నిలబడి ఉంది. చూసిన ప్రతివాడూ ఆగి మెచ్చుకునేవాడు. మా వైపు ఒక గానుగని నలుగురైదుగురు రైతులం వంతులవారీగా ఆడతాం. మా వంతు వచ్చింది, ఆడాం, మా అబ్బాయి పెనం దించాడు. పోసిన బెల్లం దిమ్మ కట్టలేదు. చెక్క తొట్టెలో తెల్లారి కూడా జావలాగే ఉంది, నల్లగా, వేలు పెడితే సాగుతూ.

గానుగ పాకలో పది పన్నెండు మంది ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వాడి వైపు తిరిగి అరిచాను.

"పెనం ముందు కునుకుపాట్లు పడ్డావేట్రా? సున్నం ఎక్కువేసేవా? ఇలాటి సెరుకుని బురద సేసేవు! నీ సేతిలో పాకముందని ఎవడన్నాడ్రా?"

వాడు తొట్టె వైపే చూస్తూ, "సెరుకు అప్పటికే పులిసింది నానా" అన్నాడు నెమ్మదిగా.

"నా సెరుకుని అంటావా? నువ్వింక ఏ పెనం ముట్టుకోకు! నా గానుగ కాడికి రాకు!"

వాడు తలపాగా విప్పి, దులిపి, భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు కోడల్ని తీసుకుని మునగపాక, వాళ్ల మావగారింటికి. నేను కోపంలో అన్న మాట కోపంతో పోలేదు. తండ్రే అన్నాడంటే నిజమే అయివుంటుందని, ఆ సీజనులో మా వాణ్ణి పెనం దించడానికి పిలిచినవాడు ఒక్కడు లేడు. ఏ పనికి వాడు పుట్టాడో ఆ పని వాడి చేతిలోంచి నేను లాగేశాను. ఇది నాకు అప్పుడు తెలియదు. మా వదిన రెండు మూడుసార్లు కదిపి చూసింది. "ఆ మాట నా కాడ ఎత్తకు వదినా" అని పళ్లెం ముందునుంచి లేచిపోయాను. ఇంక ఎత్తలేదు.

ఉగాది వచ్చింది. అరుగు మీద ఆమె, ఎదర నేను, మా ఎదురింటి బావ. ముందు బావ చెప్పాడు. "శ్రావణంలో మా యావిడ నాతో తొమ్మిది రోజులు మాటాడ్నేదు" అన్నాడు.

"తరవాత?"

"బాద్రపదంలో మాటాడ్డం మొదలెట్టింది అక్కా. శ్రావణమే బాగుంది."

మేము నవ్వుకున్నాం. తరవాత నా వంతు. చైత్రంలో చెరుకు ముచ్చెలు నాటాను, ఆషాఢంలో ఎరువు వేశాను, శ్రావణంలో జడ చుట్టించాను అని దర్జాగా చెప్పుకొచ్చాను. పుష్యం అయింది.

"మాగంలో బెల్లం పాడయిపోయింది. మా వోడు పెనం కాడ..."

టక్కుమంది మూత.

"ఎవుడు, ఎందుకు అని కాదు మరిదీ. రోజులు సెప్పు. సెరుకు ఏ రోజు కొట్టేరు?"

"సోమారం."

"గానుగ ఏ రోజు ఎక్కించేరు?"

"గురువారం."

చెప్పేశాక ఆ మాట నాకే వినబడింది. బావ గడ్డం గోక్కోవడం ఆపాడు.

"మద్దిన మంగళారం ఏటయింది?"

"మా వంతు మంగళారమే. ఊరి పెద్దాయన బండి కట్టించుకుని ఇంటికొచ్చేడు. తన సెరుకు ముందాడించుకుంటానన్నాడు. నీయంత మంచోడు ఈ దారిలో నేడన్నాడు. నాను వంతు ఇచ్చేసేను."

"బుదవారం?"

"బుదవారం కూడా ఆయనదే ఆడింది."

"నీ సెరుకు ఎక్కడుంది?"

"గానుగ పాక పక్కన. కొట్టి పడేసి ఉంది." ఆకు కప్పానని చెప్పబోయి మానేశాను. కొట్టిన చెరుకు ఆ ఎండలో మూడు రోజులు పడి ఉంటే లోపల రసం పులుస్తుందని, పులిసిన రసం ఎంత గొప్పవాడు దించినా దిమ్మ కట్టదని మా వైపు గోచీ కట్టని పిల్లాడికి కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. పెద్దమనిషి నా గుమ్మంలో నిలబడి పొగిడిన రెండు మాటలు తలకెక్కి, సోమవారాన్నీ గురువారాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. రెండు నెలలు చూసుకోలేదు.

ఆమె నన్ను అక్కడ వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు.

"తరవాత? పాల్గుణం?"

"పాల్గుణంలో ఏటీ అవలేదు వదినా."

"ఏటీ అవని నెలుండదు. సెప్పు."

"మనిద్దరవే అన్నం తిన్నాం" అన్నాను.

ఆమె మూత తీసి, నా చేతిలో పచ్చడి పెట్టింది. నోట్లో వేసుకున్నాను. ఆ ఏడు వేపపువ్వు చేదు ఎక్కువగా ఉందో, నాకే అలా ఉందో తెలియదు. లేచి కండువా వేసుకున్నాను.

"ఎక్కడికి?" అంది.

"మునగపాక. ఆడ్ని తీసుకొత్తాను."

"నువ్వామాట ఎక్కడన్నావు?"

"గానుగ కాడ."

"మరి మునగపాకలో ఏటుంది?"

కండువా తీసి దండెం మీద వేశాను. మెట్టు మీద కూర్చుని అడిగాను. "నీకు ముందే తెలుసా వదినా?"

"ఆవేళ పెరట్లోకి పులుపు వాసన కొట్టింది."

"మరి సెప్పవేటి?"

"నాను సెప్తే నామీద కోపం తెచ్చుకుందువు. ఇప్పుడు నీ నోటితో నువ్వే సెప్పేవు. ఎవరి మీద తెచ్చుకుంటావు?"

ఇదే ఆమె నాకు నేర్పిన చదువు. ఈ ఒక్క ముక్క కోసమే ఇంత రాశాను. చదివే మీకు కూడా ఏ ఏడాదిలోనో ఒక సోమవారం, ఒక గురువారం ఉంటాయి. మధ్య రోజుల్ని మనమే దాటేసి ఉంటాం. ఎవరినీ తిట్టకుండా, మనల్ని మనం కూడా తిట్టుకోకుండా, అయింది అయినట్టు వరసగా చెప్పుకుంటే అవి వాటంతట అవే పైకి వస్తాయి. పంచాంగంలో నా రాశికి ఏం రాసి ఉందో ఆ ఏడు నేను వినలేదు. వినకపోయినా నా ఏడాది బాగుపడింది.

మర్నాడు బావ చెరుకు ఆడుతున్నారు. ఆ సీజనుకి చివరి చెరుకు. వెళ్లి పాక గుంజ దగ్గర నిలబడ్డాను. "ఒక్క మాట సెప్పాల" అన్నాను.

"ఏటి మావా, పెనం కాగుతుంటే పురాణమేటి?" అని ఎవరో నవ్వారు.

"మాగంలో నా సెరుకు సోమారం కొట్టించేను. మంగళారం నా వంతు ఒగ్గేసేను. గురువారం గానుగెక్కించేను. మూడ్రోజులు సెరుకు ఇక్కడే, ఇదిగో ఈ సోటే పడుంది. పులిసిన రసం పెనంలో పోయించింది నాను. ఆ సంగతి నా కొడుకు ఆవేళే సెప్పేడు. ఆడి సేతిలో తప్పు నేదు. ఆడ్ని ఇక్కడే మీ ముందర అన్నాను కాబట్టి ఇక్కడే మీ ముందర ఎనక్కి తీసుకుంటన్నాను."

వంతు తీసుకున్న పెద్దాయన పేరు ఎత్తలేదు. ఎత్తితే అది మళ్లీ ఎందుకు అన్న మాటే అవుతుంది. ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. మనుషులే ఆగారు. ముందు మాట్లాడింది బావ.

"ఈ ముక్క సెప్పడానికి రెణ్ణెల్లు పట్టిందేటి బావా? పాకం కూడా ఇంతసేపు తీసుకోదు." అని, గరిటె పక్కన పెట్టి, "నా సెరుకు ఇంకా కొంత మిగిలుంది. అది రేపు పొద్దున్న కొడతాను. ఆకరి పెనం మీ వోడు దించాల. మునగపాక నానే ఎల్తాను. నువ్వెల్తే మళ్లీ ఏటంటావో!" అన్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి మా అబ్బాయి నడిచి వచ్చాడు. నన్ను పలకరించలేదు. చేతులు కడుక్కుని, రసం దోసిట్లో పట్టి వాసన చూసి, "సెరుకు ఎప్పుడు కొట్టేరు మావా?" అని బావని అడిగాడు.

"ఈ పొద్దున్నే బాబూ. తడింకా ఆరనేదు."

పెనం ఎక్కింది. నేను దూరంగా పొయ్యి నోటి పక్కన, ఎండిన పిప్పి కుప్ప దగ్గర కూర్చున్నాను. వాడు సున్నం వేశాడు, మడ్డి తీశాడు. ఆవిరిలో వాడి మొహం కనబడుతోంది, పోతోంది. చాలాసేపయ్యాక, పెనం మీదనుంచి కళ్లెత్తకుండానే, "నానా, మంట తగ్గింది. పిప్పెయ్యి" అన్నాడు.

నా జీవితంలో చాలామంది చాలా మంచి మాటలన్నారు. అన్నిటినీ ఒక పక్క పెడితే ఈ మాటే ఎక్కువ తూగుతుంది. నేను ఆ పిప్పి ఎలా ఎగదోశానో చూడవలసింది. పెళ్లికొడుకునైనప్పుడు కూడా అంత హుషారు లేదు.

"బావా, నీ సంతోసం సల్లగుండ, నా పెనం మాడ్సీకు!" అని బావ అరిచాడు. పాకలో అందరూ నవ్వారు. మా వాడి మూతి కూడా ఒక పక్కకి సాగింది. చూశాను.

సరైన క్షణానికి దించాడు. తొట్టెలో పోస్తే చూస్తుండగానే గట్టిపడింది, పసుపు రాసుకున్న పాదాల రంగులో. వచ్చే ఏటికి నా పెనం నువ్వే దించాలని ఇద్దరు రైతులు అక్కడికక్కడే మాట తీసుకున్నారు.

మధ్యాహ్నం వదిన అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. మా ఇద్దరికీ పెట్టి, తను పిప్పి కుప్ప మీద కూర్చుని, వేడిగా ఉన్న బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. చప్పరిస్తూ చప్పరిస్తూ ఒక్కసారి లేచి నిలబడింది. కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టి మునగపాక దారి వైపు చూసింది. నాకు దుమ్ము తప్ప మరేమీ కనబడలేదు. కాసేపటికి ఆ దుమ్ములోంచి గూడు బండి ఒకటి బయటపడింది.

"దాన్ని బండిలో రమ్మన్నాను. మూడో నెల, నడవొద్దన్నారు" అన్నాడు మా అబ్బాయి, పిప్పెయ్యమన్న గొంతుతోనే.

నేను వాడి మొహం చూసి వదిన కోసం తిరిగేసరికి ఆమె అక్కడ లేదు. గబగబా వెళ్లి అప్పటికే బండి దగ్గర ఉంది. కోడలు దిగింది. ఆ పిల్ల మోచేతి కింద తన చెయ్యి వేసి, మా వదిన గట్టు మీదికి ఎక్కించింది. గట్టు ఇద్దరు పట్టేంత వెడల్పు లేదు. అయినా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, పెద్దావిడ ఒక కాలు పొలంలోనే వేస్తూ, రెండడుగులకి ఒకసారి ఆగుతూ. వంట తొందరలేదు, ఎండ తొందరలేదు. కోసేసిన చెరుకు మోళ్లలోంచి అప్పుడే మొలకలు పైకి వస్తున్నాయి. వాటిని తొక్కకుండా చూసి చూసి పాదం మోపుతూ, ఆమె వస్తూనే ఉంది.